రెండు గడియారాలూ ఒకటే చెప్పిన రోజు

తాఊస్ ఖాల్తీ ఖర్జూరాలు చెట్టు మీదే ఎందుకు ముడుచుకుపోతున్నాయో పేటలో అందరికీ తెలుసనే అందరూ అనుకుంటున్నారు. నీరుగంటి బా మీమూన్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాయి, లెక్క తప్పుతోంది, తాఊస్ వంతు నీళ్ళు ఎటో మళ్ళిపోతున్నాయి. శుక్రవారం నమాజు అయ్యాక పెద్దలు కూర్చుంటారు. నలభై ఏళ్ళుగా ఎడారి అంచు ఊరు ఫిగీగ్‌లో ఈ పేట కాలువ నీళ్ళు పంచిన మనిషిని ఆ రోజుతో పనిలోంచి తీసేస్తారు. అందుకు సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం, పక్క తోట టీచరు రఖియా డబ్బాలో అమర్చిన, నిమిషం తప్పని గడియారం. పెద్దల ముందు పెట్టబోయే ముందు దుమ్ము దులుపుదామని ఆమె ఆ డబ్బాను తోట గోడ మీంచి విప్పి ఇంటికి తెచ్చిన దగ్గర పోయిన వారం ఆగాం.

ఇవాళ గురువారం. వంటింట్లో రఖియా అత్తగారు లల్లా యామ్నా పెద్ద మట్టి పళ్ళెం ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. మర్నాటి కుస్‌కుస్ కోసం రవ్వ మీద నీళ్ళు చిలకరిస్తూ అరచేతులతో గుండ్రంగా తిప్పుతోంది. బల్ల దగ్గర రఖియా డబ్బా మూత విప్పి, పాత పళ్ళు తోమే బ్రష్షుతో మూలల్లో ఇసుక ఊడుస్తోంది.

డబ్బాలో ఉన్నవి తక్కువే. బడి అలమారాలోంచి తెచ్చిన, బుల్లి కంప్యూటర్ లాంటి మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి. దాని పక్కన వేలిగోరంత గడియారం చిప్పు, దాన్ని కరెంటు లేనప్పుడు కూడా నడిపించే బిళ్ళ సెల్లు. చిప్పుకీ బోర్డుకీ మధ్య నాలుగు తీగలు. ఒకటి కరెంటుకి, ఒకటి గ్రౌండుకి, మిగతా రెండూ చిప్పూ బోర్డూ మాట్లాడుకోవడానికి. ఒక తీగ పాటకి వేసినట్టు తాళం వేస్తుంది, రెండోది ఆ తాళానికి తగ్గట్టు టైము చెబుతుంది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు రఖియా అలాగే చెప్పేది. బోర్డు నిమిషానికోసారి టైమెంతని చిప్పుని అడుగుతుంది. తమ వంతు రోజున తెల్లవారుజామున మూడు కాగానే మోటారుని తిప్పి, కాలువలో తమ తోట వైపు ఉన్న రేకు తలుపుని పైకి లేపుతుంది.

"ఇంకా ఎంతసేపే ఆ తీగలతో? బల్ల మీద ఉల్లిపాయలు తరగాలి," అంది లల్లా యామ్నా.

"అయిపోయింది లల్లా. తీగలన్నీ గట్టిగానే ఉన్నాయి."

"ఉండవూ మరి! నీ పెళ్ళికి నేను పెట్టిన గాజులనైనా ఇంత జాగ్రత్తగా చూసుకోలేదు నువ్వు."

రఖియా నవ్వింది. డబ్బా మీది చిన్న అద్దంలో అంకెలు వెలుగుతున్నాయి. 11:20. పక్కనే ఫోను మోగి ఆగింది. బడి నుంచి ఏదో కబురు. ఫోను తిప్పి చూసింది. 11:20. నెలల తరబడి ఎండలో, గోడ మీద ఉన్న గడియారం ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా ఫోనుతో సమానంగా నడుస్తోంది. ఒక్క క్షణం ఆమెకి గర్వంగా అనిపించింది.

తర్వాత ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

రెండూ ఒకటే చెబుతున్నాయి. చెప్పకూడదు.

ఊళ్ళో బడి, బస్సు, బ్యాంకు, ఫోను అన్నీ ప్రభుత్వం పెట్టిన కొత్త గంట మీద నడుస్తాయి. కాలువ మాత్రం పాత గంట మీదే నడుస్తుంది. చిల్లు రాగిగిన్నె నీళ్ళలో మునగడాన్ని బట్టి వంతులు లెక్కపెట్టిన కాలం నుంచీ అది సూర్యుణ్ణి వదల్లేదు. ఫోనులో పదకొండు అయితే కాలువకి పదే. ఒక్క రంజాన్ నెలలో ప్రభుత్వం కూడా గంట వెనక్కి జరిగి కాలువతో కలుస్తుంది. పండగ అయిపోగానే మళ్ళీ గంట ముందుకి పోతుంది.

రఖియా ఈ గడియారం చేసింది రంజాన్‌లో. అప్పుడు కంప్యూటర్‌లో ఉన్నది పాత గంట, కాలువదీ పాత గంటే. ప్రోగ్రామ్ ఎక్కించిన క్షణంలో కంప్యూటర్‌లో ఏ టైముందో అదే చిప్పులోకి వెళ్ళేలా మొదటి వరుస రాసింది. పండగ తర్వాత దేశమంతా గంట ముందుకి జరిగినా చిప్పు జరగలేదు. దానికి ప్రభుత్వం తెలియదు. ఏ గంట చెబితే అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ పోవడమే దాని పని. అదే మంచిదైంది.

మే నెల మొదట్లో బిళ్ళ సెల్లు అయిపోయింది. ఇంకోటి వేసి, అదే ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌లోంచి మళ్ళీ ఎక్కించింది. అప్పటికి కంప్యూటర్‌లో కొత్త గంట. గంట తగ్గించాలని తోచలేదు. ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఒక కంట పేపర్లు, ఒక కంట డబ్బా. పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆనాటి నుంచీ కాలువకి రెండు అయినప్పుడు ఈ గడియారానికి మూడు.

ఒంటిగంట నుంచి మూడు దాకా తాఊస్ ఖాల్తీ వంతు. మూడు నుంచి తెల్లవారే దాకా రఖియా వాళ్ళది. తలుపు లేచేది యంత్రంతో, తెల్లారి దించేది చేత్తో. అంటే వంతు వచ్చిన ప్రతిసారీ తాఊస్ నీళ్ళలో సగం తమ తోటలోకి వచ్చాయి. పద్నాలుగు రోజులకో వంతు. రఖియా వేళ్ళ మీద లెక్కపెట్టింది. మే, జూన్, జూలై, ఆగస్టు. ఎనిమిది వంతులు.

ఈ ఏడు తమ చెట్లకి గెలలు బరువుకి వంగి ఉన్నాయి. మొన్ననే లల్లా యామ్నా చుట్టాలకి చూపించి మురిసిపోయింది. కోడలి చదువు తోటకి కూడా అబ్బింది అని.

"ఏమైందే? మొహం అలా పెట్టావు?"

రఖియా చెప్పింది. మాట తడబడుతూ, ముందు చెప్పాల్సింది వెనకా వెనక చెప్పాల్సింది ముందూ చెప్పింది. లల్లా యామ్నా చేతులు రవ్వలో తిరుగుతూనే ఉన్నాయి. అంతా విన్నాక ఆమె అడిగింది ఒక్కటే.

"సరిచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

"మరి చెయ్యి. చూస్తూ కూర్చుంటావేం?"

"లల్లా, రేపు దీన్నే కదా పెద్దల ముందు పెట్టేది. బా మీమూన్ తప్పు లెక్క పెట్టాడనడానికి."

"అందుకే చెయ్యమంటున్నా. రేపటికి సరైన టైము చూపించాలి కదా."

"తప్పు ఆయనది కాదు."

"కాదులే. నీదీ కాదు. సెల్లుది." లల్లా యామ్నా జల్లెడ అందుకుంది. "చూడు రఖియా. నువ్వు చదువుకున్నదానివి, నాకంటే నీకే ఎక్కువ తెలుసు. కానీ ఈ పేట కట్టుబాటు నాకు తెలుసు. తెలిసి తీసినా తెలియక తీసినా, తీసిన నీళ్ళకి రెట్టింపు కట్టాలి. ఎనిమిది గంటలకి పదహారు. కోతకి ఇంకా ఆరు వారాలు. ఈ ఆరు వారాలూ మన నలభై చెట్లకి చుక్క నీళ్ళుండవు. బూజెమా ఏమవుతాడు? బా మీమూన్‌ని తీసేయాలని అందరికంటే ముందు లేచి అరిచింది నీ మొగుడే. రేపు ఎవరి మొహం చూస్తాడు?"

"బా మీమూన్ ఎవరి మొహం చూస్తాడు మరి?"

"ముసలాడు. ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ దిగేవాడే. ఇంట్లో కూర్చుని మనవలతో ఆడుకుంటాడు."

రఖియా బ్రష్షు పక్కన పెట్టి లేచింది. లోపలి గదిలోంచి లాప్‌టాప్ తెచ్చింది. తను ఎందుకు తెచ్చిందో తనకే సరిగ్గా తెలియదు. తప్పు కళ్ళెదురుగా ఉంటే దిద్దకుండా ఉండలేని అలవాటు ఇరవై ఏళ్ళ టీచరు పనిలో వచ్చింది. తీగ తగిలించింది. మొదటి వరుసలో ఒక గంట తగ్గించి రాసింది. మీట నొక్కింది. బోర్డు మీది దీపం నాలుగుసార్లు మిణుకుమంది. అద్దంలో 11:34 పోయి 10:34 వచ్చింది.

అంతే. నాలుగు నెలల తప్పు అక్కడ లేదు.

అప్పుడు ఆమెకి తను ఏం చేసిందో అర్థమైంది. ఈ చిప్పు అబద్ధం చెప్పదు నిజమే, కానీ నిన్న ఏం చెప్పిందో దానికి గుర్తుండదు. ఇక రేపు ఎవరొచ్చి చూసినా గడియారం కాలువతో సరిపోతుంది. తప్పు తనదని చెప్పడానికి ఈ లోకంలో ఒక్క ఆనవాలు కూడా లేదు, తన నోరు తప్ప.

"చూశావా, ఎంతలో అయిపోయిందో," అంది లల్లా యామ్నా. "ఆ ఉల్లిపాయలు ఇటు తే."

వీధి తలుపు ఎవరో అరచేత్తో తట్టారు. "రఖియా! ఇంట్లో ఉన్నారా, దాక్కున్నారా?"

తాఊస్ ఖాల్తీ. పేటలో చిన్నవాళ్ళందరికీ పిన్ని వరస, అందుకే ఖాల్తీ. ముసలామె తెల్లటి పైవస్త్రం భుజం మీదికి లాక్కుంటూ లోపలికి వచ్చింది. కొంగులో ఏదో మూట.

"ఏం టీచరమ్మా, నీ సాక్షి స్నానం చేసి తయారైందా? రేపు పెద్దల ముందు సిగ్గుపడకుండా మాట్లాడుతుందా?"

"కూర్చో తాఊస్. టీ పెడతాను," అంది లల్లా యామ్నా, చేతులు దులుపుకుంటూ.

"నీ టీ ఎందుకులే, చక్కెర పాకం. నిన్న తాగితే పళ్ళు ఇప్పటికీ అతుక్కునే ఉన్నాయి." తాఊస్ కొంగు విప్పి బల్ల మీద గుమ్మరించింది. ముడతలు పడి, వేలికొసంత కూడా లేని ఖర్జూరపు కాయలు టపటపా దొర్లాయి. "ఇవిగో. ఇది రెండో సాక్షి. రేపు నీ డబ్బా పక్కనే పెట్టు. నిన్న నా మనవరాలు అడుగుతోంది, ఎండుఖర్జూరం చెట్టు మీదే ఎండి కాస్తుందా అవ్వా అని. మన చెట్టుకి కాస్తుందే, మనది గొప్ప చెట్టు అన్నాను."

ఆమె నవ్వింది. ఎవరూ నవ్వలేదని గమనించలేదు. డబ్బా మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇది రాకముందు మా ఆయన పోయినప్పటి నుంచీ వంతు రోజున కన్ను మూసిన పాపాన పోలేదు. మూడింటి దాకా కాలువ గట్టున కూర్చునే ఉండేదాన్ని. చలికాలమైతే వేళ్ళు కొయ్యలయ్యేవి. నువ్వొచ్చి ఏమన్నావు? పడుకో ఖాల్తీ, నీ నీళ్ళకి నేను జామీను అన్నావు. నీ చేతులు చల్లగుండ, ఎన్నేళ్ళకి పడుకున్నానో! నేను పడుకున్నాను కదా అని ఆ ముసలాడు నా నీళ్ళు..."

"ఖాల్తీ," అంది రఖియా.

"అల్లా క్షమించాలి వాణ్ణి. నేను మాత్రం..."

"ఖాల్తీ, నీ నీళ్ళు తీసుకున్నది బా మీమూన్ కాదు. నేను."

తాఊస్ తల తిప్పి చూసింది. "నువ్వా? పార ఎటు పట్టుకోవాలో తెలియదు నీకు."

"ఎండదెబ్బ దీనికి," అంది లల్లా యామ్నా గబగబా. "పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఏదేదో అంటోంది."

"లేదు లల్లా. చెప్పనీ." రఖియా రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. "ఖాల్తీ, మే నెలలో ఇందులో సెల్లు మార్చాను. మార్చినప్పుడు కొత్త గంట పెట్టేశాను. పాత గంట పెట్టాలి. మరిచిపోయాను. అప్పటి నుంచీ నీకు రెండయ్యేసరికి ఇది మూడనుకుంది. మా తలుపు లేపేసింది. నీ వంతులో రెండో గంట మొత్తం మాకే వచ్చింది."

తాఊస్ డబ్బా దగ్గరికి జరిగింది. వంగి అద్దంలోకి చూసింది. 10:46. ఆమెకి అంకెలు తెలుసు. కిటికీలోంచి ఎండ వంటింటి గడప మీద ఎక్కడిదాకా వచ్చిందో చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది.

"సరిగ్గానే ఉందే."

"నేను చెప్పలేదూ?" అంది లల్లా యామ్నా.

"ఇప్పుడే సరిచేశాను. పన్నెండు నిమిషాలైంది. ఎవరికీ చెప్పకుండా ఉందామని సరిచేశాను ఖాల్తీ. నువ్వు రాకపోతే చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు."

ఆ మాటతో తాఊస్ మొహంలో నవ్వు చివరి జాడ కూడా పోయింది. కోపం రాలేదు. వస్తే బాగుండునని రఖియా అనుకుంది. ముసలామె చిన్న చిన్న కాయల్ని ఒక్కొక్కటే చేత్తో దగ్గరికి తోస్తూ నిలబడింది.

"ఎన్నిసార్లు?"

"ఎనిమిది."

"ఎనిమిదిసార్లూ నేను పడుకునే ఉన్నాను," అంది తాఊస్ నెమ్మదిగా. "పడుకోమన్నావు."

తిట్టినా, ఆ కాయలు మొహాన కొట్టినా రఖియాకి ఇంత బాధ ఉండేది కాదు. ఇరవై ఏళ్ళుగా పిల్లల పుస్తకాల్లో ఎర్ర సిరాతో ఎన్ని తప్పులు చుట్టిందో, ఎంతమందిని జాగ్రత్త లేదని కోప్పడిందో గుర్తొచ్చింది. ఒక్క వరుస. ఒక గంట తగ్గించి రాయాల్సిన ఒక్క వరుస.

"రేపు పెద్దల ముందు నేనే చెబుతాను. రెట్టింపు కడతాం. బా మీమూన్ ఇంటికి ఇప్పుడే వెళ్తాను, కాళ్ళు పట్టుకుంటాను."

"కడతాం అంటే ఎవరు కడతారే? తోట నీ పేరున ఉందా?" లల్లా యామ్నా గొంతు పెరిగింది.

తాఊస్ ఆమె మాట విన్నట్టు లేదు. నుదురు ముడిచి ఏదో గుర్తు తెచ్చుకుంటోంది.

"ఆగాగు. నువ్వు చెప్పేది నిజమైతే, మరి బూజెమా చూసిందేమిటి?"

"ఆయన ఏం చూశాడు?"

"నీకు చెప్పలేదా? జూలైలో వంతు రోజున. బా మీమూన్ పార పట్టుకుని కాలువలోకి వంగి నా నీళ్ళు మళ్ళిస్తుంటే కళ్ళారా చూశానన్నాడు. సరిగ్గా మూడింటికి. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి చెప్పాడు. అందుకే కదా నేను ఫిర్యాదు చేసింది! చెట్లు ఎండితే ఎండాయి, ఎండకి ఎండాయో పురుగు పట్టిందో అనుకునేదాన్ని. కాయలు చూసి నలభై ఏళ్ళు నీళ్ళు పంచిన మనిషి మీద నింద వేస్తానా? నీ మొగుడు చూశానన్నాడు కాబట్టి వేశాను."

రఖియా అత్తగారి వైపు చూసింది. లల్లా యామ్నా జల్లెడ పట్టుకుని ఉంది కానీ జల్లించడం లేదు.

వంతు రోజున బూజెమా లేవాల్సిన పనే లేదు. ఆయన తెల్లారేదాకా పడుకోవాలనే, పొద్దున్నే పనికి వెళ్ళాలనే కదా రఖియా ఇదంతా చేసింది.

వీధి తలుపు తోసిన చప్పుడు. వాకిట్లో లూసర్న్ గడ్డి మోపు దించిన చప్పుడు. బూజెమా మెడ మీది దుమ్ము తువ్వాలుతో తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. మంచి ఉత్సాహంగా ఉన్నాడు.

"ఓహో, తాఊస్ ఖాల్తీ! అందరూ ఇక్కడే ఉన్నారే. ఏం, డబ్బా సిద్ధమైందా? రేపు బా మీమూన్‌కి నోట మాట రాకూడదు."

"జూలైలో ఆయన్ని కాలువ దగ్గర చూశావటగా," అంది రఖియా.

"చూశాను. రేపు పెద్దల ముందు చెప్పబోతున్నా. అయితే?"

"లేచి అంత దూరం ఎందుకు వెళ్ళావు?"

"ఉక్కపోత. నిద్ర పట్టలేదు. ఏంటి, పరీక్ష పెడుతున్నావా?" నవ్వుతూ కూజా అందుకున్నాడు.

"ఎన్నింటికి చూశావు?"

"మూడింటికి. ఖాల్తీకి ఆనాడే చెప్పాను."

"ఏ మూడు?"

కూజా నోటి దాకా వెళ్ళి ఆగింది.

పాత మూడైతే అది వంతు మారే వేళ. నీరుగంటి పార పట్టుకుని అక్కడ ఉండాల్సిందే, అది ఆయన పని. కొత్త మూడైతే, అప్పటికి కాలువకి రెండు. తాఊస్ వంతు ఇంకా సగముంది. తమ రేకు తలుపు దానంతటదే పైకి లేచే వేళ అది. లేచిన తలుపుని ఆ ముసలాయన దించబోతున్నాడో, ఇంకేం చేస్తున్నాడో గానీ, అది గంట ముందే లేవడం గట్టు మీద నిలబడి చూసిన మనిషి ఇంకొకరున్నారు.

"చెప్పు," అంది రఖియా. "పాత మూడా, కొత్త మూడా?"

బూజెమా ఆమె వైపు చూడలేదు. తాఊస్ వైపూ చూడలేదు. కూజా కిందికి దించి, తల్లి మొహంలోకి చూశాడు.

లల్లా యామ్నా జల్లెడ పక్కన పెట్టింది.

"తాఊస్," అంది, ఎవరి వైపూ చూడకుండా. "నువ్వు ఇంటికి వెళ్ళు. ఇది మా ఇంటి మాట."

తాఊస్ ఖాల్తీ బల్ల కింది పీట కాలితో ముందుకి లాగి, పైవస్త్రం సర్దుకుని కూర్చుంది.

"నీళ్ళు నావి," అంది. "చెప్పు బూజెమా. నేనూ వింటాను."